ఆరో వారంలో వచ్చిన భోజనం: మా పక్క సినగాగ్ వాళ్ళకి కృతజ్ఞతలు

వరదలో మునిగిన మా ఇంట్లో తొమ్మిది నెలల తర్వాత మొన్న ఆదివారం మళ్ళీ పాలు పొంగించాం. ఇన్నాళ్ళూ వాయిదా వేసిన ఈ నాలుగు ముక్కలు అందుకే ఇవాళ రాస్తున్నాను. సినగాగ్ (యూదుల ప్రార్థన మందిరం) వాళ్ళకి ఇంగ్లీషులో ఉత్తరం రాసి ఇచ్చేశాను. ఇది మనవాళ్ళ కోసం. "ఎవరమ్మా వాళ్ళు, అంత చేశారు?" అని మా అత్తయ్యగారు అవనిగడ్డ నుంచి ఇప్పటికి పదిసార్లు అడిగారు. దివిసీమ ఉప్పెన చూసిన మనిషి, వరద సంగతి ఆవిడకి ఒకరు చెప్పక్కర్లేదు.

మేం ఉండేది అమెరికాలో, హ్యూస్టన్‌లోని మేయర్‌లాండ్. బ్రేస్ బయూ అనే పెద్ద వాగు పక్క పేట. ఊళ్ళో యూదు కుటుంబాలు ఎక్కువగా ఉండేది ఈ చుట్టుపక్కలే. 2015 మేలో ఒక వరద, 2016 ఏప్రిల్‌లో ఇంకొకటి, 2017 ఆగస్టులో హార్వీ తుఫాను. రెండో వరద తర్వాత మేం ఇల్లు కొన్నాం. రేటు తక్కువని సంబరపడ్డాం కూడా.

హార్వీ వచ్చిన వారమే వినాయక చవితి. శనివారం అర్ధరాత్రి దాటాక నీళ్ళు ఇంట్లోకొచ్చి, పీట మీది మట్టి వినాయకుణ్ణి మా ప్రమేయం లేకుండానే నిమజ్జనం చేసేశాయి. పిల్లల్ని ఎత్తుకుని ఎదురింటి మేడ మీదకి వెళ్ళాం. హ్యూస్టన్ యూనివర్సిటీలో 200 మంది మన విద్యార్థులు చిక్కుకున్నారని అప్పటి విదేశాంగ మంత్రి సుష్మా స్వరాజ్ ట్వీట్ చేశాక ఇండియా నుంచి ఫోన్లే ఫోన్లు. ఇక్కడేమో ఛార్జింగ్ లేదు.

నీళ్ళు తీశాక అసలు టెన్షన్ మొదలైంది. ఇక్కడి గోడలు ఇటుకవి కావు, షీట్‌రాక్ అనే జిప్సం పలకలు. తడిస్తే ఒకటి రెండు రోజుల్లోనే బూజు మొదలవుతుంది. ఏం చేయాలో తోచక వాకిట్లో నిలబడ్డాం. అప్పుడొచ్చారు ఆ పెద్దావిడ. చేతిలో ఒక అట్ట, దాని మీద మా వీధి మ్యాపు. సినగాగ్‌లో వాలంటీర్ల పని చూసేది ఆవిడే. జీతం లేదు, రిటైరైన మనిషి. ఆవిడ ఇల్లూ మునిగింది, మూడేళ్ళలో మూడోసారి. సినగాగ్ హాల్లోకీ నీళ్ళొచ్చాయి.

ఆవిడ అడిగినవి మూడే ప్రశ్నలు. ఇంట్లో పసిపిల్లలు గానీ ముసలివాళ్ళు గానీ ఉన్నారా? నీళ్ళు ఎంత ఎత్తు వచ్చాయి? ఫొటోలు తీశారా? మూడోదానికి లేదన్నాను. "ఫొటోలు తీసేదాకా ఒక్క వస్తువు బయట పడేయకండి, ఇన్సూరెన్సు వాళ్ళకి కావాలి" అన్నారు. ఆ మాట విలువ మాకు ఫిబ్రవరిలో తెలిసింది.

మర్నాడు పొద్దున ఆరుగురు వచ్చారు. నేల నుంచి నాలుగడుగుల ఎత్తున గీత గీసి గోడలు కోశారు. నాలుగే ఎందుకంటే, షీట్‌రాక్ పలక వెడల్పు నాలుగడుగులు. తర్వాత కొత్త పలక అడ్డంగా పెడితే సరిగ్గా సరిపోతుంది. ఈ లెక్క కూడా పాత వరదల్లో నేర్చుకున్నదేనట. వేరే ఇద్దరు వచ్చి మా తడి బట్టలన్నీ సంచుల్లో కట్టుకుపోయి, ఎవరిళ్ళల్లోనో ఉతికి, మడత పెట్టి తెచ్చారు. నా పట్టుచీరలు వాషింగ్ మెషీన్లో వేశారు. ఏమనను చెప్పండి? ఒకటి మాత్రం బతికింది.

శుక్రవారం మధ్యాహ్నానికి పని ఆపేసేవాళ్ళు. సూర్యాస్తమయం నుంచి వాళ్ళకి షబ్బాత్, శనివారం పొద్దుపోయేదాకా పని ముట్టుకోరు. అందుకని ఫ్యాన్లు ఎక్కడ తిప్పాలో, ఏ తలుపు తెరిచి ఉంచాలో ముందే కాగితం రాసి అంటించి వెళ్ళేవారు. ఆ కాగితం వల్ల మాకూ ఒకరోజు విశ్రాంతి దొరికేది.

అన్నిటికన్నా నన్ను కట్టిపడేసింది భోజనాల సంగతి. మొదటి రెండు వారాలు ఈ వీధిలో తిండికి లోటు లేదు. గుళ్ళు, చర్చిలు, మన సంఘాల వాళ్ళు, అందరూ తెచ్చారు. పెద్దావిడ మాత్రం ఆ రోజుల్లో ఎవర్నీ వండమనలేదు. "2015లో మొదటి వారం తెచ్చింది తెచ్చినట్టే పారేశాం. ఆరో వారంలో అడిగే దిక్కు లేదు. అప్పుడే మనిషి ఏడుస్తాడు" అన్నారు. ఈసారి వంటల జాబితా మూడో వారం నుంచి మొదలుపెట్టి డిసెంబరు దాకా రాసుకున్నారు. మధ్యలో సెప్టెంబరు 20 సాయంత్రం నుంచి వాళ్ళ కొత్త సంవత్సరం, పది రోజులకి ఉపవాసం, ఆ తర్వాత పందిళ్ళ పండగ. అవి కూడా లెక్కలో వేసుకునే పేర్లు సర్దారు.

మేం శాకాహారులమంటే ఆవిడ వెంటనే, "గుడ్డు?" అని అడిగారు. ఇన్నేళ్ళ అమెరికాలో ఆ ప్రశ్న అడిగినవాళ్ళు తక్కువ. వాళ్ళదీ పాలూ మాంసమూ కలవకుండా వండుకునే వంటిల్లు కదా, మన పట్టింపులు వాళ్ళకి వింతగా అనిపించలేదు.

సరిగ్గా ఆరో వారంలో ఒక కాంట్రాక్టరు మా దగ్గర అడ్వాన్సు తీసుకుని ఫోను ఎత్తడం మానేశాడు. ఆ సాయంత్రం అద్దె అపార్ట్‌మెంట్ మెట్ల మీద కూర్చుని నేనూ మా ఆయనా మాట్లాడుకోకుండా ఉన్నాం. ఏడింటికి ఒక కాలేజీ కుర్రాడు వచ్చి వేడి పప్పు సూపు, రొట్టె ఇచ్చి వెళ్ళాడు. జాబితాలో ఆ రోజు మా వంతు, అంతే.

పెద్దావిడకి, గోడలు కోసిన ఆరుగురికి, చీరలు ఉతికినవాళ్ళకి కూడా, సూపు తెచ్చిన అబ్బాయికి మా నలుగురి తరఫున దండాలు. ఉతికిన బట్టల్లో మాది కాని ఊదారంగు తువ్వాలు ఒకటి వచ్చింది. వీధంతా అడిగినా ఎవరూ మాదనలేదు. మా బీరువాలో పై అరలో ఉంది.