పాట పక్కన ఏడాది కూడా రాసుకోవాలి

సంపాదకులకు,

మీ ఆదివారం సంచికలో కాలిప్సోను కార్నివాల్ అనే వీధి పండగ చిందుల పాటగానే పరిచయం చేశారు. కరీబియన్ దీవి ట్రినిడాడ్‌లో ఆ పాట చేసే పెద్ద పని వేరు. ఏలేవాళ్లు ఏం చేస్తున్నారో, ఊరు ఏమనుకుంటోందో జనం ముందు నిలబడి చెప్పడం. ఆ పనిలో దిట్ట అయిన గాయకుడు చాక్‌డస్ట్ పేరే మీ వ్యాసంలో లేదు.

అసలు పేరు హోలిస్ లివర్‌పూల్, పుట్టింది 1941లో. బడిపంతులు కాబట్టి సుద్దపొడినే వేదిక పేరుగా పెట్టుకున్నారు. 1976 నుంచి 2017 దాకా తొమ్మిదిసార్లు అక్కడి పోటీలో కాలిప్సో కిరీటం గెలిచారు. కాలిప్సోలో అంత పేరున్న గాయకుడు స్పారోకు దక్కినవి ఎనిమిదే. మిచిగన్ విశ్వవిద్యాలయంలో డాక్టరేట్ చేసి, 1763 నుంచి 1962 వరకు తమ కార్నివాల్ చరిత్రను పుస్తకంగా రాశారు.

2017 పాటే చూడండి. అప్పటికి అక్కడి హిందూ వివాహ చట్టం 14 ఏళ్ల ఆడపిల్లకు పెళ్లి చేయనిచ్చేది. దాన్ని మార్చాలా వద్దా అని దేశమంతా వాదులాట. ఈయన లెక్కల పాఠం అందుకున్నారు: 14లో 75 పోదు! అంటే పద్నాలుగేళ్ల పిల్లకు డెబ్బై అయిదేళ్ల ముసలాయన జోడీ కాడని. అదే ఏడాది జూన్‌లో అక్కడి పార్లమెంటు పెళ్లి వయసు 18 చేసింది. ఆ వాదులాట సంగతి తెలియనివారికి ఇది ఉత్త భాగహారం.

మన గజపతి, గంజాం జిల్లాల్లో జముకు వాద్యంతో చెప్పే జముకుల కథలకూ, కర్ర చిడతలతో చెప్పే ఒడియా కథ దాసకాఠియాకూ పట్టబోయే గతి ఇదే. కథకుడు కథ ఆపి ఊరి సంగతులు ఎత్తుకున్నప్పుడే రికార్డు చేసేవాళ్లు ఆపేస్తున్నారు, అసలు కథ కాదు కదా అని. పురాణకథ పుస్తకాల్లో దొరుకుతుంది, ఆ పిట్టకథలు ఇంకెక్కడా దొరకవు. దయచేసి ఆపకండి. ఫోను జముకు పక్కన పెడితే మోతలో మాట మునిగిపోతుంది. కథకుడికి మూడడుగుల దూరంలో, ఛాతీ ఎత్తున ఉంచి, వంతలకు వేరే ఫోను పెట్టాలి. వాట్సాప్‌లో వీడియోగా పంపితే శబ్దం నలిగిపోతుంది, డాక్యుమెంట్‌గా పంపాలి.

మర్నాడే కథకుడికి వినిపించి ప్రతి ప్రస్తావనా అడిగి రాసుకోవాలి. ‘ఆ తుపాను’ అంటే 2013 ఫైలినా, 2018 తిత్లీయా? తిట్టు తిన్నది ఏ కాంట్రాక్టరు? ఏ ఊళ్లో, ఏ పండక్కి పాడారు? పదేళ్లు ఆగితే చెప్పేవాళ్లుండరు. రాసేటప్పుడు యాస దిద్దకూడదు, దిద్దితే ప్రాస తప్పుతుంది, దరువుకు మాట అందదు. మధ్యలో ఒడియా మాట వస్తే పలికినట్టే తెలుగు లిపిలో ఉంచాలి. పర్లాకిమిడిలో పాఠాలు చెబుతూనే సవరల నోటి మాటను నిఘంటువుకెక్కించిన గిడుగు రామమూర్తి గారి ఊళ్లో ఇది కష్టమైన పని కాకూడదు.

మీ జిల్లా పేజీలో వారానికో పిట్టకథ, ఈ వివరాలన్నిటితో, కథకుడి పేరు పెట్టి అచ్చు వేయండి.

— జముకుల కథ అభిమానులు, పర్లాకిమిడి, గజపతి జిల్లా, ఒడిశా