బావా, మూడు రోజులు చాలవు

ఒరేయ్ బావా,

నీ మెసేజ్ పొద్దున్నే చూశాను. శుక్రవారం అండమాన్ వెళ్ళి ఆదివారం వచ్చేద్దాం, సిలిండర్ కట్టుకుని సముద్రంలోకి దిగే స్కూబా డైవ్ ఒకటి చేసేస్తే కోరిక తీరిపోతుంది అన్నావు. ఫోన్‌లో మాట్లాడితే మధ్యలో నువ్వు అడ్డం పడతావు, నేను చెప్పాలనుకున్నది సగంలోనే ఆగిపోతుంది, అందుకే కూర్చుని రాస్తున్నాను. చివర్లో నీ ఉబ్బసం గురించి రాశాను, అది మాత్రం దాటెయ్యకు.

ముందు రోజుల సంగతి. మనం వెళ్ళేది అండమాన్‌లోని హేవ్‌లాక్ దీవికి, 2018 నుంచి దాని పేరు స్వరాజ్ ద్వీప్. అక్కడికి నేరుగా విమానం లేదు. పోర్ట్ బ్లెయిర్‌లో దిగాలి. దానికీ 2024లో శ్రీ విజయపురం అని పేరు మార్చారు కాబట్టి టికెట్లు వెతికేటప్పుడు రెండు పేర్లూ కనిపిస్తాయి, కంగారుపడకు. అక్కడి నుంచి ప్రైవేట్ బోటులో గంటన్నర నుంచి రెండు గంటలు, ప్రభుత్వ బోటులో ఇంకొంచెం ఎక్కువ. మధ్యాహ్నం దాటాక బోట్లు దొరకడం కష్టం, సముద్రం బాగాలేకపోతే ఆ రోజు అసలు తియ్యరు. అంటే పోవడానికి ఒక రోజు, రావడానికి ఒక రోజు రాసేసుకోవాల్సిందే. ఇంకొకటి, చివరి డైవ్ అయ్యాక వెంటనే విమానం ఎక్కకూడదు. ఒకటికి మించి డైవ్‌లు చేస్తే కనీసం 18 గంటలు ఆగమంటారు, నేనైతే పూర్తిగా ఒక రోజు వదిలేస్తాను. లోతులో ఉన్నంతసేపూ ఒత్తిడికి నత్రజని రక్తంలోకీ కండల్లోకీ చేరుతుంది, అది మెల్లగా బయటికి పోవాలి. ఆ లోపే విమానం ఎక్కితే క్యాబిన్‌లో గాలి ఒత్తిడి తక్కువ కదా, సోడా సీసా మూత తీసినట్టు ఒంట్లోనే బుడగలు కట్టే ప్రమాదం ఉంది. ఆ ఒక రోజూ కలిపితే నీ ఆదివారం విమానం లెక్క అక్కడే పోయింది.

ఇక ఆ "ఒక డైవ్" గురించి. అది నేను చేశాను, నీకు తెలుసు కానీ పూర్తిగా ఎప్పుడూ చెప్పలేదు. రెండేళ్ళ కిందట వెళ్ళినప్పుడు నాకు జలుబుగా ఉంది. వాళ్ళు అడగలేదు, నేనూ చెప్పలేదు. బోటు బయల్దేరాక ఒక కాగితం ఇచ్చి సంతకం పెట్టమన్నారు, చదివే టైం కూడా ఇవ్వలేదు. నీళ్ళలో దిగాక ఇన్‌స్ట్రక్టర్ నా వెనక సిలిండర్ పట్టుకుని తీసుకెళ్తున్నాడు, నాలుగైదు మీటర్లు దిగామో లేదో చెవిలో మేకు దింపినట్టు నొప్పి. ముక్కు మూసుకుని గాలి ఊదితే చెవులు తెరుచుకోవాలి, జలుబు వల్ల తెరుచుకోలేదు. బాగుంది అని చెప్పడానికి బొటనవేలు పైకెత్తాను. నీళ్ళలో దాని అర్థం పైకి వెళ్దామని! బొటనవేలు, చూపుడువేలు కలిపి సున్నా చుడితేనే బాగున్నట్టు. నొప్పి ఎలా చెప్పాలో, ఎప్పుడు ఆగమనాలో నాకు ఎవరూ నేర్పలేదు. తర్వాత రెండు వారాలు ఆ చెవి సరిగ్గా వినిపించలేదు.

అయినా బావా, ఆ ఇరవై నిమిషాల్లో చూసింది మాత్రం మర్చిపోలేను. పది మీటర్లు కూడా దిగలేదు, ఒక పగడపు దిబ్బ మీద ఎనిమోన్ అని పువ్వులా కనిపించే సముద్రపు జీవి కొంగులా ఊగుతోంది, అందులోంచి నారింజ రంగు చేప ఒకటి బయటికొచ్చి నా మాస్క్ మీదికే దూసుకొచ్చింది. వేలెడు లేదు, తన ఇంటికి కాపలా కాస్తోంది. ఇంకో గంట ఉంటే బాగుండు అనిపించింది. అప్పుడే నా పక్కన వెళ్తున్న ఒకాయన కాలికి తొడుక్కున్న ఈత రెక్క తగిలి కొమ్మలాంటి పగడం పుటుక్కున విరిగింది. ఆయన తప్పు కూడా కాదు, నీళ్ళలో నిలకడగా తేలడం ఆయనకీ ఎవరూ నేర్పలేదు. గుండ్రంగా బండల్లా ఉండే రకాలైతే ఏడాదికి ఒక సెంటీమీటరు పెరగడమే గొప్ప. 2010లో సముద్రం వేడెక్కి అండమాన్‌లో పగడాలు చాలా మేర తెల్లబడి చచ్చిపోయాయి, మిగిలినవాటి మీద మనం కాళ్ళు వేసి తొక్కుతున్నాం. ఈసారి నీళ్ళలో దిగితే నేర్చుకునే దిగాలని ఆ రోజే అనుకున్నాను.

అందుకే ఓపెన్ వాటర్ కోర్సు చేద్దాం, స్కూబా నేర్పే మొదటి కోర్సు అదే. మూడు నాలుగు రోజులు పడుతుంది. కొంత చదువు, కొంత లోతు తక్కువ నీళ్ళలో సాధన, ఆ తర్వాత సముద్రంలో నాలుగు డైవ్‌లు. మాస్క్‌లోకి నీళ్ళొస్తే ముక్కుతో ఊది బయటికి పంపడం, సిలిండర్ గాలిని నోటికి అందించే రెగ్యులేటర్ ఊడిపోతే వెతికి పట్టుకోవడం, గాలి అయిపోతే పక్కవాడి దగ్గర తీసుకోవడం, ఇవన్నీ చేయిస్తారు. రెండు వందల మీటర్లు ఈదాలి, పది నిమిషాలు తేలాలి. కాలువలో ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకి పందేలు కాసినవాళ్ళం, అది మనకి లెక్క కాదు. పాసైతే 18 మీటర్ల దాకా జోడీగా దిగొచ్చు, ఆ కార్డు జీవితాంతం పనికొస్తుంది. కోర్సు ఖర్చు విమానం టికెట్టుకి మించే అవుతుంది, అది ముందే చెప్తున్నాను. నేను చిట్టీ డబ్బు దీనికే ఉంచాను.

కోర్సు అయ్యాక రెండు రోజులు మన సొంత డైవ్‌లు. మొదట్లో నీమో రీఫ్ అనే చోట, అక్కడ ఒడ్డు నుంచే దిగుతారు. తర్వాత లైట్‌హౌస్, ది వాల్ లాంటివి. జానీస్ గార్జ్, డిక్సన్స్ పినకిల్ అని లోతైన చోట్లు ఉన్నాయి, బారకుడా చేపలు గుంపులు గుంపులుగా తిరుగుతాయట, టేకు చేపలూ తాబేళ్ళూ కనిపిస్తాయట, కానీ అవి ముప్పై మీటర్ల దగ్గర, అడ్వాన్స్‌డ్ కోర్సు చేసినవాళ్ళకి. ఈసారి వాటి జోలికి వద్దు. లోతు పెరిగేకొద్దీ రంగులు పోతాయి తెలుసా, ముందు ఎరుపే పోతుంది. చిన్న టార్చి తీసుకెళ్దాం, బూడిద రంగులో ఉన్న రాయి మీద లైటు వేస్తే కుంకుమలా వెలుగుతుందట. అది నేను చూడలేదు, నీతోనే చూడాలి.

ఎప్పుడు వెళ్ళాలి అంటే, మే మధ్య నుంచి వానలు, అప్పుడు వద్దు. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా నీళ్ళు తేటగా ఉంటాయి, నీ సెలవులు చూస్తే మార్చి కుదురుతుంది. అమావాస్య, పౌర్ణమి రోజుల్లో పోటూ ఆటూ ఎక్కువ కాబట్టి అడుగున నీటి లాగుడూ ఎక్కువే, అష్టమికి అటూ ఇటూ అయితే నెమ్మదిగా ఉంటుంది. అష్టమి నాడు కొత్త పని ఏంట్రా అని మా అమ్మ అంటుంది, ఆమెకి నేను చెప్పుకుంటాను. వైజాగ్ నుంచి ఓడలో వెళ్దామని కూడా అన్నావు కదా. నాకూ ఆశే. కానీ ఆ ఓడ నెలకి ఒకసారి ఉంటే ఉంటుంది, రెండున్నర మూడు రోజుల ప్రయాణం, తేదీలు మారుతుంటాయి. ఓడ ప్రయాణం ఇంకో ఏడు పెట్టుకుందాం.

మొత్తం పది రోజులు పెట్టు. మొదటి రోజు పోర్ట్ బ్లెయిర్‌లో సెల్యులర్ జైలు, అది చూడకుండా ముందుకి వెళ్ళకూడదు. జంగ్లీఘాట్ వైపు వెళ్తే తెలుగు మాటలు వినిపిస్తాయి, మన ఉత్తరాంధ్ర నుంచి చేపల పని మీద వెళ్ళి స్థిరపడిన కుటుంబాలున్నాయి. చివరి రోజు నీళ్ళలో దిగకుండా రాధానగర్ బీచ్‌లో కూర్చుందాం. అక్కడ సూర్యుడు సాయంత్రం ఐదున్నరకే మునిగిపోతాడు, గడియారం మనదే అయినా ఊరు చాలా తూర్పున ఉంది మరి. గవ్వలు, పగడం ముక్కలు ఏరి సంచిలో వేసుకోకు. పిల్లలకి తెస్తానని నువ్వు అంటావు, కానీ అది నేరం, ఎయిర్‌పోర్టులో పట్టుకుంటారు.

ఇప్పుడు అసలు విషయం. నిన్న నువ్వు అన్నావు, డైవింగ్‌కి ముందు నింపే ఫారంలో ఉబ్బసం గురించి అడిగితే లేదని టిక్ పెట్టేస్తాను, ఇప్పుడు బాగానే ఉన్నాను కదా అని. ఆ మాట విన్నప్పటి నుంచి నాకు నిద్ర లేదు.

ఎనిమిదో తరగతిలో మా ఇంట్లో పడుకున్న రాత్రి నీకు గుర్తుందో లేదో, పిల్లికూతలు వస్తూ తెల్లవార్లూ గోడకి ఆనుకుని కూర్చున్నావు, మా అమ్మ ఆవిరి పట్టింది, నేను పక్కనే కూర్చుని నీ ఊపిరి లెక్కపెట్టాను. అందుకే చెప్తున్నా. పది మీటర్ల లోతులో ఒత్తిడి పైనున్నదానికి రెండింతలు. అక్కడ నిండుగా పీల్చిన గాలి పైకొచ్చేసరికి రెండింతలు వ్యాకోచిస్తుంది. అందుకే ఊపిరి ఎప్పుడూ బిగపట్టొద్దు, పీలుస్తూ వదులుతూ మెల్లగా రావాలి అన్నది మొదటి పాఠం. ఉబ్బసం ఉన్నవాళ్ళకి ఊపిరితిత్తుల్లోని సన్నటి గొట్టాలు బిగుసుకుంటే, నువ్వు ఎంత వదులుదామన్నా ఒక మూల గాలి ఇరుక్కుపోవచ్చు. పైకి వచ్చేటప్పుడు ఆ గాలి ఉబ్బి ఊపిరితిత్తిని చించుతుంది. చల్లటి పొడి గాలి పీల్చడం, ఉప్పునీరు గొంతులోకి పోవడం, టెన్షన్, ఇవన్నీ ఉబ్బసాన్ని రేపేవే, అవన్నీ అక్కడ ఒకేసారి ఉంటాయి.

అలాగని నీకు కుదరదని నేను అనడం లేదు. చిన్నప్పుడు ఉండి తర్వాత తగ్గినవాళ్ళని పరీక్ష చేసి డాక్టర్లు పంపిస్తున్నారు. ఛాతీ డాక్టర్ దగ్గరికి వెళ్ళు, స్కూబా అని చెప్పి ఊపిరి పరీక్ష చేయమని అడుగు, ఆ ఫారం కూడా తీసుకెళ్ళు, దాంట్లో డాక్టరు సంతకం పెట్టే పేజీ ఉంటుంది. ఇన్‌హేలర్ చివరిసారి ఎప్పుడు వాడావో నిజం చెప్పు.

ఒకవేళ వద్దంటే కూడా మనం వెళ్తున్నాం. ఎలిఫెంట్ బీచ్‌లో నీళ్ళ మీద తేలుతూనే పగడాలు చూడొచ్చు, నీల్ దీవిలోనూ అంతే. నువ్వు పైన ఉంటే నేనూ పైనే ఉంటాను, కోర్సు డబ్బు ఇంకో దానికి వాడుకుందాం. నిన్ను బోటులో కూర్చోబెట్టి నేనొక్కడినే కిందికి దిగను.

సోమవారం ఫోన్ చేసి అపాయింట్‌మెంట్ తీసుకో. రిపోర్ట్ ఫొటో నాకు పంపాకే టికెట్లు తీస్తాను.

నీ బావ