నేల కింద నుంచి సూర్యుడు

హైదరాబాద్,
ఆదివారం రాత్రి

ఒరేయ్ మామా,

నీ ఉత్తరం వచ్చి రెండు నెలలైంది. జవాబు రాయకపోవడం తప్పే, తిట్టుకో. అమ్మ మోకాలు నయం. చంటిది స్కూల్లో చేరింది. బోడుప్పల్‌లో నీళ్ల ట్యాంకర్ గొడవ అలాగే ఉంది. నిన్న క్లాసులో జరిగింది నీకు చెప్పకపోతే మాత్రం నిద్ర పట్టదు.

ఇంటర్ పిల్లలకి కేంద్రకం పాఠం చెబుతూ సిలబస్ దాటేశాను. ఇటలీలో గ్రాన్ సాసో కొండ కింద జినాన్‌ఎన్‌టీ అని ఒక పెద్ద తొట్టి ఉంది. ఎనిమిదిన్నర టన్నుల జినాన్ వాయువు, సుమారు మైనస్ 95 డిగ్రీల దగ్గర ద్రవంగా ఉంటుంది. కట్టింది విశ్వంలో కంటికి కనబడని కృష్ణపదార్థం కోసం. తగిలింది సూర్యుడు రా! సూర్యగర్భంలో బోరాన్-8 అనే పరమాణువు నుంచి పుట్టిన న్యూట్రినో, అంటే దేన్నైనా ఇట్టే దాటిపోయే అతి చిన్న కణం, వచ్చి జినాన్ కేంద్రకాన్ని మొత్తంగా ఒక్కసారి తడుతుంది. చిన్న మెరుపు, నాలుగైదు ఎలక్ట్రాన్లు, అంతే. 2024 జూలైలో వీళ్లూ, చైనాలో ఇలాంటి తొట్టే ఉన్న పాండాఎక్స్ వాళ్లూ ఆ జాడ కనిపించిందని చెప్పారు. జినాన్‌ఎన్‌టీ లెక్కకు వచ్చిన మెరుపులు ఎన్నో తెలుసా? 37. అందులో 26 దాకా వేరే కారణాల వల్లే రావచ్చని అంచనా. మన గోరంత చోటులోంచి సెకనుకు ఆరు వేల కోట్లకు పైగా సూర్య న్యూట్రినోలు పోతుంటే, అంత తొట్టిలో ఏళ్ల తరబడి కాపలా కాస్తే దక్కినవి అన్నే!

అప్పుడు వెనక బెంచీ అమ్మాయి లేచింది. ఏడాదిగా నోరు విప్పని పిల్ల. "మరి రాత్రి పూట రావా సార్?" అంది. క్లాసంతా నవ్వింది. నాకు ఒళ్లు జలదరించింది. "వస్తాయమ్మా, భూమిని అడ్డంగా దాటుకుని, నేల కింద నుంచి" అన్నాను. నవ్వు ఆగిపోయింది. ఒక్కొక్కరూ తమ కాళ్ల కిందకి చూసుకున్నారు రా. ఆ పిల్ల మాత్రం కూర్చోలేదు. "అంత భూమిలోంచి వస్తే ఏమీ మారవా?"

మారతాయి! న్యూట్రినోల్లో మూడు రకాలు, ఒక రకం దారిలో ఇంకో రకంగా మారుతుంది. సూర్యుడిలో పుట్టేవి ఎలక్ట్రాన్ రకం. అసలు మార్పు చాలావరకు సూర్యుడి లోపలే అయిపోతుంది. అందుకే అమెరికాలో హోమ్‌స్టేక్ బంగారు గనిలో న్యూట్రినోల కోసం వెతికిన డేవిస్ అనే సైంటిస్టుకి రావలసిన వాటిలో మూడో వంతే దొరికాయి. ఆయన క్లోరిన్ ద్రవానికి ఎలక్ట్రాన్ రకం ఒక్కటే కనబడుతుంది. రాత్రి భూమిలోంచి వచ్చేటప్పుడు కొన్ని మళ్లీ ఎలక్ట్రాన్ రకంలోకి తిరుగుతాయి. ఆ తేడా జాడ జపాన్‌లో సూపర్-కామియోకాండే వాళ్లు 2014లో చూశారు. జినాన్ కేంద్రకానికి మాత్రం మూడు రకాలూ ఒకటే, ఎవరు తట్టినా పలుకుతుంది. ఇప్పుడు డేవిస్ పనిచేసిన ఆ గుహలోనే ఎల్‌జెడ్ అని పది టన్నుల జినాన్ తొట్టి నడుస్తోంది.

బంగారు గని అనగానే మీ తాతయ్య గుర్తొచ్చారు. కోలార్, చాంపియన్ రీఫ్ గని. "బాగా లోతున సైంటిస్టులు దీపాలు పెట్టుకుని కూర్చునేవాళ్లు" అంటే మనం కథ అనుకున్నాం. నిజం రా. 1965లో మనవాళ్లు, జపాన్, ఇంగ్లండ్ వాళ్లతో కలిసి రెండు కిలోమీటర్లకు పైగా లోతున న్యూట్రినోల జాడ పట్టింది అక్కడే. ఆయన అంత చెబుతుంటే మనం క్యారమ్స్ ఆడుకున్నాం. ఒక్కసారి కూర్చుని వినుంటే...

మీ తమ్ముడు కింద హారన్ కొడుతున్నాడు, కాచిగూడ రైలుకి టైమైందట. ఈ ఉత్తరం వాడి చేతికే ఇస్తున్నా. ఆ పిల్ల బెల్లు కొట్టాక స్టాఫ్ రూమ్‌కి వచ్చి ఇంకోటి అడిగింది, అది

వచ్చే ఉత్తరంలో. వాడు మళ్లీ కొట్టాడు.

నీ
మామ