బూట్‌లోడర్ పేజీ దిద్దడమంటే

ఒరే బావా,

"డాక్యుమెంటేషన్‌లో రివ్యూ చేయడానికి ఏముంటుందిరా, అక్షరదోషాలా?" అని ఫోన్‌లో వెటకారం చేశావు కదా. జవాబు అప్పుడే చెబుదామంటే నువ్వు క్రికెట్ స్కోరులోకి వెళ్లిపోయావు. ఉత్తరానికైతే అడ్డు తగల్లేవు కాబట్టి తీరిగ్గా రాస్తున్నాను, టీ పెట్టుకుని చదువు.

ప్రస్తుతం నా చేతిలో ఉన్నది మేం నడిపే లైనక్స్ డిస్ట్రో (లైనక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌లో ఒక రకం) గైడ్‌లో గ్రబ్ ఇన్‌స్టాల్ చేసే అధ్యాయం. గ్రబ్ అంటే బూట్‌లోడర్, మెషీన్ ఆన్ చేశాక ఆపరేటింగ్ సిస్టమ్‌ని లేపే చిన్న ప్రోగ్రామ్. మార్పులు పంపినవాడు మంచి హుషారైన కుర్రాడు. పేజీ కొండవీటి చాంతాడంత ఉంది, సగానికి కోసేద్దాం అంటాడు. భాష చక్కగా ఉంది, వాక్యాలు చిన్నగా ఉన్నాయి. మామూలు పేజీ అయితే కళ్లు మూసుకుని ఓకే అనేవాణ్ణి. కానీ ఈ పేజీ ఎవరు చదువుతారో ఆలోచించు. ల్యాప్‌టాప్ ఆన్ కాక, రాత్రి పన్నెండింటికి ఫోన్ చేతిలో పట్టుకుని, చిన్న తెరమీద వేలితో జరుపుకుంటూ చదివేవాడు. వాడికి ఒక కమాండ్ తప్పుగా ఇస్తే, మళ్లీ వచ్చి "పనిచేయలేదు" అని చెప్పడానికి కూడా మెషీన్ ఉండదు.

ఆ కుర్రాడు చేసిన పెద్ద మార్పు ఏమిటంటే, బయాస్ వాళ్లకు, యూఈఎఫ్ఐ వాళ్లకు వేరువేరుగా ఉన్న రెండు భాగాలను కలిపేశాడు. మెషీన్ ఆన్ కాగానే మదర్‌బోర్డులోంచి ముందుగా నడిచే ప్రోగ్రామే ఫర్మ్‌వేర్, అందులో పాత రకం బయాస్, కొత్త రకం యూఈఎఫ్ఐ. రెండింటిలోనూ గ్రబ్-ఇన్‌స్టాల్ అనే కమాండే కదా అని అతని వాదన. పేరు ఒకటేగానీ జరిగే పని పూర్తిగా వేరు. పాత బయాస్ మెషీన్ డిస్క్‌లో మొదటి సెక్టార్ చదువుతుంది. అది 512 బైట్లు. అందులో కోడ్‌కి 446, పార్టిషన్ టేబుల్‌కి (డిస్క్‌ను ఏ భాగాలుగా విడదీశారో చెప్పే పట్టికకి) 64, చివరి రెండూ గుర్తు కోసం. అంత ఇరుకులో గ్రబ్ మొత్తం ఎక్కడ పడుతుంది? అందుకే మొదటి ముక్క అక్కడ పెట్టి, అసలు ముక్కను ఆ సెక్టార్‌కీ మొదటి పార్టిషన్‌కీ మధ్య ఖాళీలో దాస్తుంది. పూర్వం పార్టిషన్ 63వ సెక్టార్‌లో మొదలయ్యేది కాబట్టి ఆ ఖాళీ 31 కిలోబైట్లే. ఇప్పుడు ఒక మెగాబైట్ దాకా వదులుతున్నారు. యూఈఎఫ్ఐలో ఈ గొడవేమీ లేదు. ఫ్యాట్ ఫార్మాట్‌లో ఉండే ఈఎఫ్ఐ పార్టిషన్‌లో ఒక ఫైలు పెట్టి, మదర్‌బోర్డు మెమరీలో దాని చిరునామా నమోదు చేస్తే చాలు.

కాబట్టి బయాస్ వాడికి "డిస్క్ పేరు ఇవ్వు" అని చెప్పాలి, యూఈఎఫ్ఐ వాడికి "ఈఎఫ్ఐ పార్టిషన్ ఎక్కడ మౌంట్ చేశావో (ఏ డైరెక్టరీకి తగిలించావో) చెప్పు" అనాలి. కలిపేసిన పేజీలో ఈ తేడా ఒక ఫుట్‌నోట్‌లోకి దిగిపోయింది. అర్ధరాత్రి ఫుట్‌నోట్ ఎవడు చదువుతాడు చెప్పు?

ఇంకో చోట ఉదాహరణలో ఎస్‌డీఏ అని ఉన్న డిస్క్ పేరుని ఎస్‌డీఏ1 అని మార్చాడు, పైన మౌంట్ కమాండ్‌తో పోలిక కుదురుతుందని. ఇదే నాకు చెమటలు పట్టించింది. అంకె లేకపోతే మొత్తం డిస్క్, అంకె ఉంటే ఒక పార్టిషన్. పార్టిషన్ పేరిస్తే గ్రబ్ తన ముక్కను దాచడానికి ఖాళీ దొరక్క, ఫలానా బ్లాకుల్లో ఉందని జాబితా రాసుకోవాల్సి వస్తుంది. ఫైల్ సిస్టమ్ ఎప్పుడైనా ఆ బ్లాకులను కదిలిస్తే అంతే సంగతులు. అందుకే గ్రబ్ తనే "ఇది నమ్మదగింది కాదు" అని హెచ్చరించి ఆగిపోతుంది. అక్కడ ఆగాల్సిన మనిషి ఫోర్స్ ఆప్షన్ పెట్టి దాటేస్తాడు, ఎందుకంటే గైడ్‌లో అలాగే ఉంది కదా! ఎన్‌వీఎంఈ అనే కొత్త రకం డిస్కులతో ఇంకా తికమక. వాటి పేర్లలో డిస్క్‌కే అంకెలుంటాయి, పార్టిషన్‌కి పీ1, పీ2 అని తోక వస్తుంది. అందుకని ఆ ఉదాహరణ కూడా పక్కన చేర్చమన్నాను.

బయాస్ మెషీన్‌లో జీపీటీ (కొత్త తరహా పార్టిషన్ టేబుల్) డిస్క్ ఉన్నవాళ్ల సంగతి ఒక్క వాక్యంలో తేల్చేశాడు. అక్కడ మొదటి పార్టిషన్ ముందున్న ఖాళీలో జీపీటీ టేబులే కూర్చుంటుంది, గ్రబ్‌కి విడిగా ఒక చిన్న పార్టిషన్ కావాలి, ఒక మెగాబైట్ చాలు, ఫార్మాట్ చేయకూడదు. ఇక్కడ నీకు నచ్చే సరదా సంగతి ఒకటుంది. ఆ పార్టిషన్ రకానికి ఇచ్చిన పొడుగాటి ఐడీని బైట్ల వరుసలో అక్షరాలుగా చదివితే "హా! ఐ డోంట్ నీడ్ ఈఎఫ్ఐ" అని వస్తుంది. ఎవరో పంతం కొద్దీ పెట్టారు. దీన్ని పేజీలో పెట్టమని నేను అడగలేదులే, మనసైతే పీకింది.

ఇక అసలు పేచీ. ప్రతి కమాండ్ తర్వాత "ఇలా కనబడాలి, కనబడకపోతే ఇక్కడే ఆగు" అని ఉన్న లైన్లన్నీ తీసేశాడు. అనవసరమట. ఊరికి కొత్తగా వచ్చినవాడికి రావిచెట్టు దగ్గర కుడికి తిరగమని చెబితే చాలదు, రైసుమిల్లు కనబడితే దాటిపోయినట్టే అని కూడా చెప్పాలి కదా. సిస్ అనే డైరెక్టరీ కింద ఫర్మ్‌వేర్‌లో ఈఎఫ్ఐ అనే డైరెక్టరీ ఉందో లేదో చూడమన్న లైన్ కూడా ఆ కోతలో పోయింది. అది లేకపోతే ఇన్‌స్టాల్‌కి వాడే పెన్‌డ్రైవ్ పాత బయాస్ పద్ధతిలో బూట్ అయిందన్నమాట. ఆ స్థితిలో యూఈఎఫ్ఐ కమాండ్ కొడితే ఫైలు కాపీ అవుతుందిగానీ మదర్‌బోర్డులో నమోదు కాదు. ఆ ఒక్క లైన్ కోసం ఎంత గొంతు చించుకున్నా తప్పులేదనిపించింది.

మన హాస్టల్ రోజుల్లో లిలో అనే పాత బూట్‌లోడర్ గుర్తుందా? బూట్ అయ్యేటప్పుడు దాని పేరులో ఒక్కో అక్షరం తెరమీద వచ్చేది. రెండు అక్షరాల దగ్గర ఆగిపోతే ఏ దశలో చచ్చిందో తెలిసేది. 2015 చివర్లో దాని అభివృద్ధి ఆపేశారుగానీ, ఆ తెలివి మాత్రం గొప్పది. మన గైడ్ కూడా అలా ఉండాలని నా పట్టుదల. గ్రబ్ రెస్క్యూ అని ప్రాంప్ట్ వచ్చిందంటే మెషీన్ మొత్తం పోయినట్టు కాదు, గ్రబ్ మొదలైంది, దాని మిగతా ముక్కలు (మాడ్యూళ్లు) దొరకలేదు అంతే. ఇది చదివితే మనిషికి టెన్షన్ సగం తగ్గుతుంది.

"గ్రబ్ అప్‌గ్రేడ్ అయ్యాక ఇన్‌స్టాల్, కాన్ఫిగ్ రెండూ మళ్లీ చేయడం ఎందుకు, ఒకటి చాలు" అని కూడా రాశాడు. దానికి 2022 ఆగస్టులో ఆర్చ్ లైనక్స్ అనే డిస్ట్రోలో జరిగింది గుర్తుచేశాను. కొత్త కాన్ఫిగ్ ఫైలులో (గ్రబ్ మెనూ అమరిక ఉండే ఫైలు) వచ్చిన ఆప్షన్, డిస్క్‌లో మిగిలిపోయిన పాత గ్రబ్‌కి అర్థం కాలేదు. కొందరి మెషీన్లు మెనూ చూపించకుండా నేరుగా ఫర్మ్‌వేర్ సెట్టింగులలోకి వెళ్లిపోయాయి. రెండూ కలిపి నడపండి అని వాళ్లు ప్రకటన ఇవ్వాల్సి వచ్చింది. ఇది చెప్పగానే ఒప్పుకున్నాడు, తెలివైనవాడే.

ఒక చోట మాత్రం అతనిదే రైటు. మా పాత పేజీలో విండోస్ పేరు గ్రబ్ మెనూలోకి తనంతట అదే వస్తుందని ఉంది. గ్రబ్ 2.06 వెర్షన్ 2021లో వచ్చినప్పటి నుంచి, భద్రత దృష్ట్యా, వేరే సిస్టమ్‌లను వెతికే ఓఎస్-ప్రోబర్‌ని మామూలుగా ఆపేసి ఉంచుతున్నారు. మనమే ఆన్ చేసుకోవాలి. అది అతను పట్టుకుని సరిచేశాడు, నేను వెంటనే పచ్చజెండా ఊపాను. పేజీ పొడుగు విషయంలో కూడా మధ్యేమార్గం కుదిరింది. చరిత్ర, ఆప్షన్ల పురాణం వేరే పేజీకి పంపించాం. మొదట్లోనే "నీది ఏ రకం మెషీన్" అని తేల్చి, అక్కడి నుంచి రెండు దారులు.

యూఈఎఫ్ఐ దారి నా ల్యాప్‌టాప్‌లో చూసుకున్నాను. బయాస్ దారి క్యూఈఎంయూలో (కంప్యూటర్‌లోనే ఇంకో ఉత్తుత్తి కంప్యూటర్‌ని నడిపే ప్రోగ్రామ్) నడిచింది. కానీ వర్చువల్ మెషీన్‌లో పాత మదర్‌బోర్డుల పెంకితనం కనబడదు. నీ అటకమీదున్న డెస్క్‌టాప్‌ని ఆదివారం దించగలవా? డ్రాఫ్ట్ పంపిస్తాను. నన్ను అడక్కుండా, పేజీ మాత్రమే చూసి చెయ్యి. ఎక్కడ చదివిన లైనే రెండోసారి చదవాల్సి వచ్చిందో పెన్సిల్‌తో రాసిపెట్టు, నాకు కావలసింది అదే. ముందు మాత్రం అందులో ఉన్న మీ అక్క పెళ్లి ఫొటోలు వేరే చోటికి కాపీ చేసుకో. లేకపోతే అక్క నన్ను గడప తొక్కనివ్వదు.

నీ
బావ