పెంట్‌హౌస్‌ల వేడిని ఎవరు కొలుస్తారు?

సంపాదకుడు గారికి నమస్కారం.

నేను హైదరాబాద్‌లో ప్లానింగ్‌లో పీజీ చేస్తున్నాను. థీసిస్ పని మీద పోయిన వేసవిలో బోరబండ, మూసాపేట వైపు చాలా పెంట్‌హౌస్‌లు తిరిగాను. మన ఊళ్లో పెంట్‌హౌస్ అంటే డాబా మీద వేసిన ఒకటి రెండు గదులు. అద్దె తక్కువని చేరేవాళ్లే ఎక్కువ. రాత్రి పదకొండింటికి కూడా గోడ మీద చెయ్యి పెడితే వెచ్చగా తగిలేది. పగలంతా ఎండకు కాగిన కాంక్రీటు ఆ వేడిని రాత్రి గదిలోకి వదులుతుంది. ఒకామె రోజూ సాయంత్రం నిచ్చెన వేసుకుని స్లాబు మీద బకెట్లతో నీళ్లు పోసి, అది చల్లారాకే పిల్లల్ని పడుకోబెడతానని చెప్పారు. ట్యాంకర్ కోసం ఎదురుచూసే వీధి అది.

తెలంగాణ ప్రభుత్వం 2023 ఏప్రిల్‌లో కూల్ రూఫ్ విధానం తెచ్చింది. 2028 నాటికి రాష్ట్రంలో 300 చదరపు కిలోమీటర్ల పైకప్పులను చల్లగా మార్చాలని లక్ష్యం. తెల్లటి పూత వేసినా, తెల్ల టైల్స్ పరిచినా ఎండలో చాలా భాగం వెనక్కి పోతుంది, స్లాబు అంతగా కాగదు. ప్రభుత్వ, వాణిజ్య భవనాలకు ఇది తప్పనిసరి. నివాస భవనాలకు మాత్రం 600 చదరపు గజాలు, ఆపైన స్థలం ఉంటేనే తప్పనిసరి. నేను తిరిగిన ఇళ్లన్నీ అంతకంటే చాలా చిన్న స్థలాల్లో కట్టినవి. వాటికి పూత వేయడం, వేయకపోవడం ఓనర్ ఇష్టం. పూతకు డబ్బు పెట్టాల్సింది ఓనర్, కరెంటు బిల్లు కట్టేది అద్దెకున్నవాళ్లు. తనకు రూపాయి మిగలని పని ఓనర్ ఎందుకు చేస్తారు? ఈ ముడి విప్పకుండా ఎంత మంచి విధానమైనా బస్తీ దాకా రాదు.

ఈ విధానానికి వెనుక ఏళ్ల పరిశోధన ఉందని చాలామందికి తెలియదు. ట్రిపుల్ ఐటీ హైదరాబాద్, అమెరికాలోని లారెన్స్ బర్క్‌లీ ల్యాబ్ కలిసి ఇక్కడి ఒక క్యాంపస్‌లో నల్లటి పైకప్పులకు తెల్లపూత వేసి కొలిచాయి. చల్లదనానికి ఖర్చయ్యే కరెంటు 14 నుంచి 26 శాతం దాకా తగ్గిందని 2012లో వచ్చిన పరిశోధనా పత్రం చెబుతోంది. తర్వాత 2017లో హైదరాబాద్‌లోనే ఉన్న దేవరకొండ బస్తీలో 25 పేద ఇళ్ల మీద కూల్ రూఫ్ వేసి చూశారు. పక్క ఇళ్లతో పోలిస్తే లోపల సగటున 2 డిగ్రీలు తక్కువ ఉంది. కొలిచినవాళ్లు ఉన్నారు కాబట్టే విధానం పుట్టింది.

మరి ఇప్పుడు? పూత పడిన కప్పుల కింద కరెంటు వాడకం నిజంగా తగ్గిందా, రెండు వేసవుల దుమ్ము పడ్డాక ఆ తెలుపు ఎంత మిగిలింది, ఇలాంటివి వీధి వీధికీ తిరిగి చూడాలి. ఏటా పీజీ థీసిస్ కోసం ఊరంతా తిరిగే విద్యార్థులకు ఇంతకంటే పనికొచ్చే పని ఏముంది! కానీ మాకు అంకెలు దొరకవు. అమెరికా ఉపగ్రహం ల్యాండ్‌శాట్ తీసిన హైదరాబాద్ బొమ్మలు మా గదిలో కూర్చుని ఉచితంగా దించుకోగలం. 2008 నుంచి అవి అందరికీ ఫ్రీ. అయితే ఆ ఉపగ్రహం వేడిని కొలిచే ఒక్కో గడి సుమారు 100 మీటర్లు. ఒక సందు మొత్తం ఒకే చుక్కలో కలిసిపోతుంది. గది లోపలి సంగతి అది ఎలాగూ చెప్పలేదు. మన సందులో కరెంటు వాడకం ఎంతో తెలుసుకుందామని ఒక కార్యాలయానికి వెళ్తే, కాలేజీ లెటర్ తెమ్మన్నారు. తెచ్చాక పైనుంచి అనుమతి కావాలన్నారు. అలా తిరుగుతుండగానే నా సెమిస్టర్ అయిపోయింది. ఆ టెన్షన్‌లో థీసిస్ అంశమే కుదించుకున్నాను. ఆ బాధ నాకింకా ఉంది.

మేము ఎవరి ఇంటి బిల్లూ అడగడం లేదు. పేర్లు, సర్వీసు నంబర్లు వద్దు. ట్రాన్స్‌ఫార్మర్ వారీగా నెల నెలా ఎన్ని యూనిట్లు వాడారో, ఏ వార్డులో ఎన్ని కప్పులకు పూత వేసినట్టు నమోదైందో, ఈ రెండు పట్టికలు అందరికీ కనిపించేలా పెడితే చాలు. పురపాలక శాఖ ఏటా కొన్ని ప్రశ్నలు విశ్వవిద్యాలయాలకు పంపి, వచ్చిన థీసిస్‌లను తన ఇంజినీర్లతో చదివించాలి. ఇప్పుడు అవి వైవా అయ్యాక లైబ్రరీ బీరువాలోకి వెళ్తున్నాయి. అలాగే చిన్న స్థలాల ఓనర్లు పూత వేయిస్తే ఇంటి పన్నులో కొంత తగ్గించే ఆలోచన చేయాలి. అప్పుడు ఆ ఖర్చుకు వాళ్లూ ముందుకొస్తారు.

మా జూనియర్లు ఫిబ్రవరిలో ఫీల్డ్ వర్క్ మొదలుపెడతారు. ఆ రెండు పట్టికలూ అప్పటికల్లా బయటికి వచ్చేలా అధికారులు చూడాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పీజీ విద్యార్థిని,
హైదరాబాద్