అమ్మ నోట్లో టార్చి వేసి చూసిన ఆశా అక్కకి, ఆ తర్వాత చాలామందికి

అంగిలి (నోటి పైకప్పు) క్యాన్సర్‌కి ఆపరేషన్ అయ్యి అమ్మ ఇంటికొచ్చేసింది. తీసేసిన అంగిలి చోట ప్లేటు పెట్టుకుని మాట్లాడుతోంది, మెత్తగా కలిపిపెడితే అన్నం తింటోంది, నన్ను తిడుతోంది కూడా. ఫోన్లు చేసినవాళ్లకి, డబ్బు పంపినవాళ్లకి ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పడం నా వల్ల కావట్లేదు. అందుకే అందరికీ కలిపి ఇక్కడ రాస్తున్నాను. కొంచెం పెద్దదే అవుతుంది, ఓపిక పట్టండి. అమ్మ జబ్బు ఎలా బయటపడిందో చెప్పకపోతే నేను ఎవరికి, ఎందుకు దండం పెడుతున్నానో మీకు అర్థం కాదు.

మొదటి దండం మా ఊరి ఆశా అక్కకి. 30 ఏళ్లు దాటినవాళ్లకి బీపీ, షుగరుతో పాటు నోరు కూడా చూడాలని ఆశాలు ఇంటింటికీ చేసే సర్వేలో రూలు ఉంది. కానీ పొగాకు సంగతి మగవాళ్లని అడిగినట్టు ఆడవాళ్లని ఎవరూ అడగరు. ఫారంలో పొగాకు గడిలో 'లేదు' అని రాసుకుని పక్కింటికి వెళ్లిపోవడం చాలా తేలిక. మా అక్క అలా రాయలేదు. "పిన్నీ, నువ్వు అడ్డపొగ తాగుతావు కదా, ఏదీ నోరు తెరువు" అంది. "ఇంతకాలం లేనిది ఇప్పుడేటే" అని అమ్మ విసుక్కుందట. అయినా వదలకుండా టార్చి వేసి చూస్తే అంగిలి మీద తెల్లగా మందంగా తేలిన చోట, మధ్యలో ఎర్రటి పుండు కనిపించింది. మర్నాడే పీహెచ్‌సీకి తీసుకెళ్లింది. అక్కడి డాక్టరమ్మ చీటీ రాస్తే శ్రీకాకుళం పెద్దాసుపత్రి దాకా తనే తోడొచ్చింది. ఆ తోడు రావడానికి ఆమెకి ఎవరూ ఏమీ ఇవ్వలేదు.

అంతకుముందే నోరు మండుతోందని అమ్మ ఒకచోట చూపించుకుంది. వేడి చేసిందని బీ కాంప్లెక్స్ మాత్రలు, రాసుకోవడానికి జెల్ ఇచ్చి పంపారు. ఎక్కడ అనేది వదిలేయండి. అక్కడ ఎవరూ నోరు తెరవమనలేదు, అంతే.

మా వైపు వాళ్లు కానివాళ్లకి అడ్డపొగ అంటే ఏంటో చెప్పాలి. చుట్ట వెలిగించి, నిప్పు ఉన్న కొసని నోట్లో పెట్టుకుని తాగడం. విశాఖ నుంచి శ్రీకాకుళం వరకు పల్లెల్లో, మత్స్యకారుల ఊళ్లలో ఎక్కువగా ఆడవాళ్లే ఇలా తాగుతారు. గాలికి నిప్పు ఆరదని, బూడిద రాలదని, పెద్దవాళ్ల ముందు పొగ కనిపించదని, చుట్ట చాలాసేపు వస్తుందని రకరకాల కారణాలు చెప్తారు. మా అమ్మ జీడి పిక్కల పనికి వెళ్లేది. రెండు చేతులూ పనిలో ఉన్నా నోట్లో చుట్ట దాని పాటికి అది కాలుతూ ఉండేది. ఆ వేడీ, పొగా నేరుగా అంగిలికే తగులుతాయి. దేశంలో మిగతాచోట్ల గుట్కా, ఖైనీ వల్ల బుగ్గ లోపల, చిగుళ్ల దగ్గర, నాలుక మీద క్యాన్సర్లు ఎక్కువ. అంగిలి క్యాన్సర్ ఇంతగా కనిపించేది మా వైపే.

ఇదేమీ కొత్తగా కనిపెట్టిన విషయం కాదు. విశాఖ ఆంధ్రా మెడికల్ కాలేజీ డాక్టర్లు 1950లలోనే దీని గురించి పేపర్లు రాశారు. 1971లో అచ్చయిన ఒక సర్వే కోసం, డెన్మార్క్‌కి చెందిన ప్రొఫెసర్ పింద్‌బోర్గ్, ముంబైలోని టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్ బృందం కలిసి మా జిల్లా పల్లెల్లో ఇల్లిల్లూ తిరిగి 10,169 మంది నోళ్లు చూశారు. వాళ్లలో నూటికి 40 మందికి పైగా అడ్డపొగ తాగేవాళ్లే. అంటే నేను పుట్టకముందే మా ఊళ్ల ఆడవాళ్ల అంగిళ్లు అంతర్జాతీయ పత్రికలకెక్కాయి. మాకు మాత్రం ఆ కబురు చేరలేదు. మా ఉద్దానం ప్రాంతం అంటే పేపరువాళ్లకైనా, ప్రభుత్వానికైనా కిడ్నీ జబ్బులే గుర్తొస్తాయి. గుర్తు రావాల్సిందే, ఆ బాధ మామూలుది కాదు. నోళ్ల సంగతి కూడా ఎవరో ఒకరికి గుర్తుండాలి కదా!

ఆసుపత్రిలో ఉన్నప్పుడు ఖాళీగా కూర్చోలేక చాలా చదివాను. 2022 అంచనాల ప్రకారం మన దేశంలో ఏడాదికి సుమారు 1 లక్షా 43 వేల మందికి కొత్తగా నోటి క్యాన్సర్ వస్తోంది. దాదాపు 80 వేల మంది దీనితో చనిపోతున్నారు. మగవాళ్లలో అన్ని క్యాన్సర్ల కంటే ఇదే ముందుంది. పొగాకు వాడకం తగ్గుతోంది, నిజమే. 2009-10లో పెద్దవాళ్లలో 34.6 శాతం ఉన్నది 2016-17 నాటికి 28.6కి వచ్చింది. కానీ ఈ జబ్బుతో వచ్చేవాళ్లలో సగానికి పైగా మూడో స్టేజీలోనో, నాలుగో స్టేజీలోనో వస్తున్నారు. నోరు అద్దంలో చూసుకున్నా కనిపించే చోటు. స్కాన్ అక్కర్లేదు. కేరళలో తిరువనంతపురం జిల్లాలో 1996లో మొదలుపెట్టి లక్షన్నర మందికి పైగా జనంతో పెద్ద ట్రయల్ చేశారు. ఆరోగ్య కార్యకర్తలు ఇళ్లకెళ్లి వెలుతురులో నోళ్లు చూడటమే పని. పొగాకు, మద్యం అలవాటున్నవాళ్లలో నోటి క్యాన్సర్ చావులు 34 శాతం తగ్గాయని 2005లో తేల్చారు. మా అక్క చేతిలో ఉన్నది కూడా ఆ టార్చే.

డల్లాస్‌లో ఉన్న మా బావ రోజూ ఫోన్ చేసి ధైర్యం చెప్పాడు, డబ్బూ పంపాడు. అతను మొదట అడిగిన ప్రశ్న "హెచ్‌పీవీ టెస్ట్ చేశారా?" అమెరికాలో సిగరెట్ల వల్ల వచ్చే తల, మెడ క్యాన్సర్లు తగ్గుతుంటే, హెచ్‌పీవీ వైరస్‌తో టాన్సిల్స్ దగ్గర, నాలుక మొదట్లో వచ్చేవి పెరిగాయి. అక్కడ ఆ చోట్ల వచ్చే క్యాన్సర్లలో సుమారు 70 శాతం ఆ వైరస్‌వే. నేను వెళ్లి డాక్టరుగారిని అడిగితే, "ఆ కథ వేరు బాబూ, మీ అమ్మగారిది నిప్పు కథ" అన్నారు. బావ ఇంకో మాట కూడా చెప్పాడు. అంత డబ్బున్న దేశంలోనూ ఇదే జబ్బుతో తెల్లవాళ్ల కంటే నల్లవాళ్లు ముందే పోతున్నారట.

శ్రీకాకుళంలో ముక్క తీసి టెస్టుకి పంపిన తర్వాత, అగనంపూడిలోని హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రికి వెళ్లాం. టాటా మెమోరియల్ వాళ్లదే అది. ఇలాంటిది లేని రోజుల్లో మా ఊరివాళ్లు ముంబై వెళ్లలేక ఇంట్లోనే ఉండిపోయేవాళ్లు. రెండో స్టేజీ అన్నారు. ఆపరేషన్‌లో అంగిలి, పైదవడ ఎముక కొంత తీసేశారు. అంచుల్లో జబ్బు లేదని రిపోర్టు వచ్చాక రేడియేషన్ అవసరం లేదన్నారు. ఆ మాట విన్నప్పుడు పక్క మంచం మీదున్న అన్నయ్య మా వైపు చూసిన చూపు నేను మర్చిపోలేను. ఆయనది నాలుగో స్టేజీ. ఆపరేషన్, రేడియేషన్, కీమో మూడూ. ముక్కులోంచి గొట్టం, అందులోంచే చోడంబలి (రాగి జావ). నెలల తరబడి పుండుకి ఏవేవో మాత్రలు మింగి వచ్చాడు. ఆయన ఊళ్లో ఎవరూ టార్చి వేయలేదు.

సర్జన్లకి, సిస్టర్లకి, రాత్రిళ్లు అమ్మని పక్కకి తిప్పిన ఆయాలకి చేతులెత్తి మొక్కుతున్నాను. అందరికంటే ఎక్కువగా ప్లేటు చేసిన పళ్ల డాక్టరమ్మకి. అంగిలిలో కన్నం పడితే తాగిన నీళ్లు ముక్కులోంచి వచ్చేస్తాయి, మాట మొత్తం ముక్కుతోనే వస్తుంది. మొదట్లో అమ్మ సిగ్గుపడి మాట్లాడటమే మానేసింది. ఆ డాక్టరమ్మ అచ్చు తీసుకుని, ప్లేటు చేసి, ఒరుసుకున్న ప్రతిసారీ విసుక్కోకుండా అరగదీసి మళ్లీ పెట్టింది. ప్లేటు సరిగ్గా కుదిరిన రోజు అమ్మ మొదట అడిగింది మా చెల్లి పెళ్లి సంబంధం ఏమైందని.

ఆపరేషన్ ఖర్చు ఆరోగ్యశ్రీలో వెళ్లిపోయింది. ఇప్పుడు పేరు ఎన్టీఆర్ వైద్య సేవ అయినా మా ఊళ్లో ఎవరూ అలా అనరు. కాగితాలన్నీ దగ్గరుండి చేయించిన ఆరోగ్యమిత్రకి థాంక్స్. అయితే చికిత్స ఉచితం అన్న మాట విని ఖర్చే ఉండదనుకోకండి. గది అద్దె, తిండి, ప్రయాణాలు, చెల్లి మానేసిన కూలి, నేను పెట్టిన జీతం లేని సెలవు, ఇవన్నీ ఏ కార్డులోనూ రావు. మీరంతా పంపిన డబ్బు వీటికే అయింది. గది ఇచ్చిన అగనంపూడి దంపతులు అద్దె సగమే తీసుకున్నారు. డ్వాక్రా సంఘం వాళ్లు అమ్మ వాయిదాలు తలా కొంత వేసుకుని కట్టేశారు. అమ్మతో పనిచేసే ఆడవాళ్లు చందా వేసి, ఎవరెంత ఇచ్చారో చెప్పకుండా ఒకే కవర్లో పెట్టి పంపారు.

పనికొచ్చే మాట ఒకటి. పలాస స్టేషన్‌లో బుకింగ్ క్లర్క్ గారు చెప్పేదాకా నాకు తెలియదు. చికిత్సకి వెళ్లే క్యాన్సర్ రోగికి స్లీపర్, థర్డ్ ఏసీల్లో టికెట్ పూర్తిగా ఉచితం, తోడు వెళ్లే ఒకరికి 75 శాతం తగ్గింపు. ఆసుపత్రి నుంచి రైల్వే ఫారం మీద సర్టిఫికెట్ తెచ్చుకోవాలి. దువ్వాడలో దిగితే ఆసుపత్రి దగ్గర.

అమ్మ చుట్ట మానేసింది. మానేసిందని చెప్తోంది, ఆ ప్లేటుతో నిప్పు కొస నోట్లో పెట్టుకోవడం కుదరదు కాబట్టి నేనూ నమ్ముతున్నాను. చూడ్డానికి వచ్చిన పిన్నమ్మలు, అత్తలు ప్లేటు తీసి చూపించమని అడుగుతున్నారు. ఆమె మొహమాటం లేకుండా చూపిస్తోంది. వాళ్లలో చాలామంది ఇంకా తాగుతున్నవాళ్లే. మొన్న ఆశా అక్కని మా అరుగు మీదే కూర్చోబెట్టి అందరి నోళ్లూ చూపించాం. ఇద్దరిని శ్రీకాకుళం వెళ్లమంది. ఒకామె వెళ్లింది. ఇంకొకామె కోతలయ్యాక వెళ్తానంటోంది, మా చెల్లి వెంటపడుతోంది.

ఇక లెక్క. మీరు పంపినదాంట్లో కొంత మిగిలింది. పక్క మంచం అన్నయ్యకి రేడియేషన్ ఇంకా నడుస్తోంది, వాళ్లావిడ అగనంపూడిలోనే ఉంటోంది. మేము ఖాళీ చేసిన గదే వాళ్లకి ఇప్పించి, మిగిలిన డబ్బు అద్దె కింద కట్టేశాను. ఇచ్చినవాళ్లలో ఎవరికైనా అభ్యంతరం ఉంటే ఫోన్ చేయండి, మీ వాటా నా జీతంలోంచి తిరిగి పంపేస్తాను.