ఆ స్తంభం ఫొటో ఇప్పుడు మళ్లీ తీయండి

సంపాదకుల వారికి,

పోయిన ఆదివారం కాదు, అంతకు ముందు ఆదివారం మీ అనుబంధంలో నగర యువత కొత్త పోకడల గురించి రెండు పేజీల వ్యాసం వేశారు. ఉత్తరం ఆలస్యమైంది. కళ్లజోడు రిపేరుకిస్తే వారం తిప్పారు. ఈలోగా ఇంకెవరైనా రాస్తారేమోనని చూశాను, ఎవరూ రాయలేదు.

వ్యాసం బాగుంది. పాత బట్టలు కొని తొడుక్కునే పిల్లలు, పారేసిన చెక్కపెట్టెలతో కుర్చీలు చేసుకున్న కాఫీ షాపులు, గుడ్డ సంచులు, సహజ రంగులు, గోడల మీద బొమ్మలు. అన్నిటికీ కలిపి 'సస్టైనబుల్ లైఫ్' అని పేరు పెట్టారు. నా పేచీ దాని పక్కన వేసిన పెద్ద ఫొటోతో. అది మా ఫ్లైఓవర్ కింది స్తంభం. దాని మీద ఏటికొప్పాక లక్కబొమ్మల్లోని రాజూ రాణీ బొమ్మ, చుట్టూ పచ్చటి తీగలు, కింద 'ప్రకృతిని కాపాడుదాం' అని రాత. ఆ ఫొటో ఏ జనవరిలోనో తీసింది. ఇప్పుడు మీ ఫొటోగ్రాఫర్‌ని ఒక్కసారి పంపండి, టీ ఖర్చు నాది.

ఇప్పుడు అక్కడ రాణి లేదు. రాణి మీద ఒక నాయకుడి పుట్టినరోజు ఫ్లెక్సీ ఉంది. రాజు సగం ఉన్నాడు, మిగతా సగం మీద ట్యూషన్ సెంటరు పోస్టరు. స్తంభం చుట్టూ కుండీలు వేలాడదీసి నిలువు తోట అన్నారు కదా, ఆ మొక్కలకు నీళ్లు వదిలే సన్నటి పైపు మార్చిలోనే ఊడింది. ఏప్రిల్‌కి మొక్కలు ఎండి గడ్డి అయ్యాయి, ప్లాస్టిక్ కుండీలు మాత్రం నిక్షేపంగా ఉన్నాయి. మే నెలలో ఎవరో పెద్దలు వస్తున్నారని రాత్రికి రాత్రి ఆ ఎండిన మొక్కల మీదే ప్లాస్టిక్ తీగలు చుట్టారు. 'ప్రకృతిని కాపాడుదాం' అన్న రాతకు పైన ప్లాస్టిక్ ఆకులు! నేను ముప్ఫై ఒక్క ఏళ్లు డ్రాయింగు మాస్టారుగా పనిచేశాను. ఇంత చక్కటి వ్యంగ్య చిత్రం నా చేత్తో ఎప్పుడూ పడలేదు.

సంబంధిత కార్యాలయానికి మూడుసార్లు వెళ్లాను. మొదటిసారి సారు మీటింగులో ఉన్నారు. రెండోసారీ మీటింగులోనే ఉన్నారు, బహుశా అదే మీటింగు. మూడోసారి ఒక కుర్రాడు దయతలచి విడమరిచి చెప్పాడు: "మాస్టారూ, మొక్కలు ఒక సెక్షను, బొమ్మలు ఇంకో సెక్షను, ఫ్లెక్సీలు అసలు మా పరిధిలోకే రావు." సరే బాబూ, మరి స్తంభం ఎవరిదని అడిగితే నవ్వాడు. అతని మీద నాకు కోపం లేదు. బొమ్మ వేయించడానికి డబ్బు, రిబ్బను కత్తిరించడానికి మనిషి దొరుకుతారు. ఏడాదికోసారి దుమ్ము తుడిచి, పోస్టరు పీకి, పైపు అతికించడానికి మాత్రం ఏ ఫైల్లోనూ ఒక గడి లేదు. ఊళ్ల శుభ్రతకు ర్యాంకులిచ్చే స్వచ్ఛ సర్వేక్షణ్ బృందం వచ్చి వెళ్లేదాకా బతికితే చాలన్నట్టుంది మా రాజూ రాణీ సంసారం.

ఫ్లెక్సీల సంగతి ఎత్తితే నాకు బీపీ పెరుగుతుందని మా ఇంటావిడ ఈ పేరా వద్దంది. అయినా రాస్తాను. బహిరంగ ప్రదేశాలను పోస్టర్లతో, రాతలతో పాడు చేయకూడదని మన రాష్ట్రంలో 1997లోనే చట్టం వచ్చింది. 2022 జూలై 1 నుంచి దేశమంతటా ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ వస్తువులను నిషేధించారు. ఆ జాబితాలో 100 మైక్రాన్ల కన్నా పల్చటి పీవీసీ బ్యానర్లు ఉన్నాయి, అలంకరణకు వాడే థర్మాకోల్ కూడా ఉంది. అదే ఏడాది ఆగస్టులో విశాఖలో అప్పటి ముఖ్యమంత్రి ఫ్లెక్సీలకు సెలవన్నారు. నిషేధం ఇంతమంది చేతుల మీదుగా నడిచి మా ఫ్లైఓవర్ దాకా వచ్చేసరికి ఏమైందో తెలియదు. మా వీధి చివర 'ప్లాస్టిక్ వాడకండి' అని ఒక బోర్డు పెట్టారు. అదీ ఫ్లెక్సీయే.

ఏటికొప్పాక బొమ్మ అంటే ఏమిటో ఆ వేసినవాళ్లకు ఎవరైనా చెప్పారో లేదో. వరాహ నది ఒడ్డున ఉన్న ఊరది. అంకుడు కర్రను తరిణె (కర్రను తిప్పి చెక్కే యంత్రం) మీద తిప్పుతూ దానికి లక్క కడ్డీ ఆనిస్తే, ఆ రాపిడి వేడికే లక్క కరిగి కర్రకు పట్టుకుంటుంది. తర్వాత మొగలి ఆకుతో రుద్ది నునుపు తెస్తారు. పసుపు కొమ్ముల నుంచి పసుపు రంగు, జాఫ్రా గింజల నుంచి నారింజ, నీలి మొక్క నుంచి నీలం. పసిపిల్ల నోట్లో పెట్టుకున్నా భయం లేదు. ఆ సహజ రంగుల మీద దశాబ్దాలు పనిచేసిన సి.వి. రాజు గారికి 2023లో పద్మశ్రీ ఇచ్చారు. 2017లో ఆ బొమ్మలకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. 2025 గణతంత్ర దినోత్సవానికి ఆంధ్రప్రదేశ్ శకటంగా ఢిల్లీలో ఊరేగాయి కూడా. అంత పేరున్న బొమ్మను ఘాటు వాసన కొట్టే స్ప్రే రంగుతో స్తంభానికి పూసి, పర్యావరణం అని కింద రాసి, ఆర్నెల్లలో దాని మీద మేకు దిగ్గొట్టారు. ఆ ఊళ్లో తరిణె ముందు కూర్చున్న మనిషికి ఈ స్తంభం వల్ల ఒక్క బొమ్మ ఆర్డరైనా వచ్చిందా?

గోడ బొమ్మలు వద్దనే ఛాందసుణ్ణి కాను. హైదరాబాదులో ఖైరతాబాద్ పక్కన మక్తాలో 2016లో స్టార్ట్ ఇండియా అనే సంస్థ కళాకారులను తెచ్చి బస్తీ ఇళ్ల గోడల మీద బొమ్మలు వేయించింది. మా అమ్మాయి దగ్గరికి వెళ్లినప్పుడు పనిగట్టుకుని వెళ్లి చూశాను. అవి జనం కాపురముండే ఇళ్ల గోడలు. గోడకి ఇంటివాడున్నాడు. మా స్తంభానికి అదే లేదు.

ఇంకో మాట. మా ఫ్లైఓవర్ కిందే రాత్రిళ్లు కొందరు కుర్రాళ్లు స్కేటింగ్ చేస్తారు, ఫోన్లో పాట పెట్టుకుని గంతులేస్తారు, స్ప్రే డబ్బాలతో తమ పేర్లు వంకర టింకరగా రాసుకుంటారు. నాకు ఆ రాత చదవడం రాదు గానీ గీతలో పట్టుంది, అబద్ధమెందుకు. ఒక రాత్రి పోలీసులు వాళ్లను పట్టుకుని, గోడ పాడు చేశారని గుంజీలు తీయించారు. మంచిదే. మరి పుట్టినరోజు ఫ్లెక్సీ కట్టినాయన చేత ఎవరు తీయిస్తారు? పైగా ఆ కుర్రాళ్లు ఒక్కనాడు కూడా రాజూ రాణీ మీద రాయలేదు, పక్క స్తంభం మీద రాసుకున్నారు.

రాత అంటే గుర్తొచ్చింది. నాలుగో స్తంభం మీద 'పరిశుబ్రతే దైవం' అని ఉంది, మీ ఫొటోలో అంచున కనిపిస్తుంది చూడండి. 'భ'కు వత్తు లేదు. అడుగున్నర ఎత్తు అక్షరాలతో తప్పు రాసి రంగులద్దారు. దాని కింద నుంచే రోజూ రెండు స్కూళ్ల పిల్లలు నడుస్తారు. ఒకప్పుడు ఊరూరా బోర్డులు రాసే పెయింటర్లుండేవాళ్లు. సినిమా హాలు నుంచి కిరాణా కొట్టు దాకా అక్షరం వాళ్ల చేతిలోంచే వచ్చేది. ఫ్లెక్సీ మిషన్లు వచ్చి వాళ్ల కుంచెలు ఎండగట్టాయి. నా దగ్గర గీత నేర్చుకున్న ఒక అబ్బాయి పదిహేనేళ్లు బోర్డులు రాసి, ఇప్పుడు ఆటో నడుపుతున్నాడు. ఈ స్తంభాల పని ఇలాంటివాళ్లకిస్తే తప్పు పడేదా? చదరపు అడుక్కి ఇంత అని ఎక్కడి కాంట్రాక్టరుకో ఇచ్చారు. అతను తెలుగు రానివాళ్లకు అచ్చు అట్టలిచ్చి పంపాడు. నేను రిటైరయ్యాక మా స్కూల్లో డ్రాయింగు మాస్టారి పోస్టు కూడా నింపలేదనుకోండి. కళ కావాలి, నేర్పేవాడు వద్దు.

పాత బట్టల షాపులు కొత్త పోకడ అన్నారు. మా చిన్నప్పుడు మధ్యాహ్నం పూట 'పాత బట్టలకు స్టీలు సామాన్లేయ్' అని వీధిలో కేక వినిపిస్తే మా అమ్మ బేరానికి కూర్చునేది. నాలుగు చీరలకు ఒక గిన్నె, మూత కోసం ఇంకో అరగంట గొడవ. చిరిగిన చీరలు బొంతలయ్యేవి. పిల్లలు మళ్లీ అటు చూస్తున్నందుకు సంతోషమే.

గుడ్డ సంచుల విషయంలో మాత్రం మీ వ్యాసం పొరబడింది. బట్టల షాపుల్లో ఇచ్చే ఆ రంగురంగుల సంచులు చాలావరకు గుడ్డ కాదు. నాన్ ఓవెన్ అంటారు, పాలీప్రొపిలీన్ అనే ప్లాస్టిక్‌తో చేసినవి. చేతికి గుడ్డలా తగులుతాయి, అంతే. మా ఇంట్లో ఒకటి చింపి అగ్గిపుల్ల వెలిగించి చూశాను. నూలు గుడ్డ అయితే బూడిదవుతుంది. ఇది కరిగి బొట్లు బొట్లుగా కారింది, వంటగదంతా కంపు, మా ఇంటావిడ చీవాట్లు. అరవై జీఎస్ఎం (చదరపు మీటరుకు అరవై గ్రాముల బరువు) కన్నా పల్చటివి వాడకూడదని 2021 సెప్టెంబరు నుంచి నిబంధన ఉంది, దాన్ని తూచి చూసేవాడు ఎవడు? మీ ఫొటోలో ఒకమ్మాయి గర్వంగా పట్టుకున్నది ఆ సంచే అనిపించింది. ఆ పిల్లను అనడం లేదు, అమ్మినవాళ్లు అలా చెప్పి అమ్ముతున్నారు.

ఇంతకీ అడగదలచుకున్నది చిన్న విషయం. నాలుగో స్తంభం మీద 'భ'కి వత్తు పెట్టడానికి నా శిష్యుడు సిద్ధంగా ఉన్నాడు. డబ్బు అక్కర్లేదు. నల్ల రంగు నా దగ్గరుంది, నిచ్చెన పక్కింటి వాళ్లిస్తామన్నారు. ఆదివారం ఉదయం ఆటో స్టాండులో పెట్టి వస్తాడు. ఒక వత్తుకి అనుమతి ఏ సెక్షను ఇస్తుందో మీ పేపరు ద్వారా ఎవరైనా చెబితే అక్కడికి నాలుగోసారి వెళతాను.

ఇట్లు,
ఒక రిటైర్డ్ డ్రాయింగు మాస్టారు

(నా పేరూ, ఊరి పేరూ వేయవద్దని మనవి. వేస్తే మా వీధి దీపం కూడా వేరే సెక్షన్‌కి పోతుంది.)